కింద ఆర్‌పీఎంలో లాగని పాత డీజిల్ బండి: టర్బో విప్పే ముందు చూడాల్సినవి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: 2013 ఎర్టిగా డీజిల్, 1.6 లక్షల కిలోమీటర్లు, ఎక్కువగా బెంగళూరు సిటీలోనే తిరుగుతుంది. రెండు నెలలుగా 1,200 నుంచి 2,000 ఆర్‌పీఎం మధ్య అస్సలు లాగట్లేదు. హెబ్బాళ ఫ్లైఓవర్ మీద థర్డ్‌లో పోయే బండిని సెకండ్‌కి దించాల్సి వస్తోంది. 2,200 దాటాక మాత్రం మామూలుగానే పరిగెడుతోంది. చెక్ ఇంజన్ లైట్ లేదు. ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్ మార్చారు, తేడా కనపడలేదు. ఒక గ్యారేజీలో చూసి టర్బో (పొగ బలంతో తిరుగుతూ ఇంజన్‌లోకి అదనపు గాలి నెట్టే చక్రం) పోయింది, మార్చాలన్నారు. మార్చాలా వద్దా?

ఇప్పుడే మార్చొద్దు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి టర్బోకి వెళ్లే సన్న వాక్యూమ్ (గాలి పీల్చే) పైపు, దాన్ని కంట్రోల్ చేసే సోలనాయిడ్ (కరెంటుతో తెరుచుకుని మూసుకునే చిన్న వాల్వ్), ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లార్చేది) హోసులు, ఈజీఆర్ వాల్వ్ (కాలిన పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపేది), ఈ నాలుగింటిలో ఒకదాని మీద నాకు అనుమానం. నా దగ్గరికి ఇదే కంప్లయింట్‌తో వచ్చే బండ్లలో ఎక్కువ వాటికి టర్బో బాగానే ఉంటుంది, దాన్ని ఆడించేది ఏదో పాడై ఉంటుంది. నేను మారతహళ్లి వైపు చిన్న షెడ్డు నడుపుతున్నాను, పని దాదాపు అంతా డీజిల్ బండ్ల మీదే. చూడకుండా ఖాయంగా చెప్పలేను కానీ ఏ వరసలో చూడాలో చెప్పగలను, ఆ వరస తప్పితేనే డబ్బులు పోతాయి.

ముందు ఒక మాట. మీ ఇంజన్ 1,248 సీసీ, 90 పీఎస్. దాని 200 ఎన్ఎమ్ టార్క్ (లాగే బలం) పూర్తిగా అందేది 1,750 ఆర్‌పీఎం దగ్గర. అంటే ఏడుగురు ఎక్కి, ఏసీ వేసి, 1,300లో థర్డ్ గేర్‌లో ఫ్లైఓవర్ ఎక్కాలంటే కొత్త బండి కూడా మొరాయిస్తుంది. పైగా మనం ఉన్నది సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన. చెన్నైతో పోలిస్తే ఇక్కడ గాలి ఒత్తిడి దాదాపు పది శాతం తక్కువ. అందుకే చెన్నైలో మా బావ ఎర్టిగా ఇలా లేదే అని పోల్చుకోకండి. కానీ మీరు 'రెండు నెలలుగా' అని రాశారు. ముందు బాగుండి ఇప్పుడు తగ్గిందంటే ఎక్కడో లోపం ఉన్నట్టే.

ఇక అసలు విషయం. ఏ ఆర్‌పీఎంలో పికప్ పోయిందన్నది చాలామంది మెకానిక్‌లు అడగరు, నేనైతే మొదట అదే అడుగుతాను. కింద లాగక పైన బాగుంటే ఒక లెక్క, కింద బాగుండి పైన ఆగిపోతే ఇంకో లెక్క. డీజిల్ ఫిల్టర్ మూసుకుపోతే, సైలెన్సర్ లైన్‌లో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోతే, ఎయిర్ ఫిల్టర్ నిండా దుమ్ము ఉంటే, ఇవన్నీ ఎక్కువ డీజిల్, ఎక్కువ గాలి కావాల్సిన చోట, అంటే పై ఆర్‌పీఎంలో, హైవేలో, ఘాట్‌లో బయటపడతాయి. మీకు పైన బాగుంది కాబట్టి ఫిల్టర్లు మార్చినా తేడా రాకపోవడం సహజమే. పోయిందేమీ లేదు, ఎలాగూ మార్చాల్సినవే.

మీ ఇంజన్‌ది వీజీటీ టర్బో. సైలెన్సర్ వైపు చక్రం చుట్టూ చిన్న రెక్కలు ఉంటాయి. తక్కువ ఆర్‌పీఎంలో పొగ తక్కువ వస్తుంది కాబట్టి ఆ రెక్కలు దారిని ఇరుకు చేస్తాయి. తోటకు నీళ్లు పట్టేటప్పుడు పైపు మూతికి బొటనవేలు అడ్డం పెడితే నీళ్లు జోరుగా ఎగజిమ్మినట్టు, ఆ కాస్త పొగే వేగంగా వెళ్లి చక్రాన్ని తిప్పుతుంది. ఆర్‌పీఎం పెరిగి పొగ ఎక్కువయ్యాక రెక్కలు తెరుచుకుంటాయి. ఈ రెక్కల్ని ఆడించేది వాక్యూమ్. టర్బో పక్కన గుండ్రటి డబ్బా, దాన్నుంచి ఒక రాడ్, డబ్బాకి సన్న రబ్బరు పైపు, అదే యాక్చుయేటర్. వాక్యూమ్ అందితే రాడ్ డబ్బా వైపు లాగబడి రెక్కలు మూసుకుంటాయి. వాక్యూమ్ అందకపోతే లోపలి స్ప్రింగ్ రెక్కల్ని పూర్తిగా తెరిచే ఉంచుతుంది. అప్పుడు కింద బూస్ట్ (టర్బో నెట్టే అదనపు గాలి ఒత్తిడి) ఉండదు, పైన పొగ బలంతో చక్రం ఎలాగోలా తిరుగుతుంది. మీరు రాసిన లక్షణం అచ్చం ఇదే.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఇదే 1.3 ఇంజన్ 75 పీఎస్‌తో స్విఫ్ట్ డీజిల్‌లో వచ్చింది. దాని టర్బో వీజీటీ కాదు, వేస్ట్‌గేట్ రకం, అంటే బూస్ట్ ఎక్కువైతే పొగను పక్కదారి పట్టించేది. అందులో యాక్చుయేటర్‌కి వెళ్లేది వాక్యూమ్ కాదు, బూస్ట్ ప్రెషర్. ఆ పైపు ఊడితే బూస్ట్ తగ్గదు, హద్దు మీరుతుంది. స్విఫ్ట్ వాళ్లకు ఇచ్చిన సలహా మీ బండికి తిరగబడుతుంది. ఇంజన్ ఒకటే కదా అని వీడియోలు చూసి చెయ్యి పెట్టేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

పైసా ఖర్చు లేని పరీక్ష. బానెట్ ఎత్తి, టార్చ్ వేసి యాక్చుయేటర్ రాడ్ మీద కన్ను పెట్టండి. ఇంకొకరిని స్టార్ట్ చేయమనండి. స్టార్ట్ కాగానే రాడ్ సుమారు ఒక సెంటీమీటరు లాగబడాలి, ఆఫ్ చేస్తే వెనక్కి రావాలి. కదలకపోతే వాక్యూమ్ అందట్లేదు, లేదా డబ్బా లోపలి డయాఫ్రమ్ చిరిగింది, లేదా రెక్కలు మసితో బిగుసుకున్నాయి. కొన్ని బండ్లలో ఐడిల్‌లో ఈసీయూ (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్) వాక్యూమ్ తక్కువ ఇస్తుంది, కాబట్టి కదలలేదని అప్పుడే తీర్పు చెప్పేయకూడదు. చేతి వాక్యూమ్ పంపు గేజ్‌తో సహా జేసీ రోడ్డులో టూల్స్ షాపుల్లో దొరుకుతుంది. దాన్ని నేరుగా డబ్బాకి పెట్టి నెమ్మదిగా కొట్టండి. రాడ్ ఎక్కడా తట్టుకోకుండా చివరి దాకా వచ్చి, గేజ్ ముల్లు ఒక నిమిషం దిగకుండా నిలబడితే డబ్బా బాగుంది, రెక్కలూ బాగున్నాయి. ముల్లు దిగిపోతుంటే డయాఫ్రమ్ లీక్. ముల్లు నిలబడి రాడ్ కదలకపోయినా, తట్టుకుంటూ కదిలినా రెక్కల్లో మసి. ఈ పరీక్ష చేయకుండా టర్బో పోయిందని ఎవరన్నా ఒప్పుకోకండి.

డబ్బా బాగుంటే పైపు వెంట వెనక్కి వెళ్లండి. యాక్చుయేటర్ నుంచి సోలనాయిడ్‌కి, అక్కడి నుంచి వాక్యూమ్ పంపుకి. మీ ఇంజన్‌లో పంపు క్యామ్‌షాఫ్ట్ చివర ఉంటుంది, బ్రేక్ బూస్టర్‌కి వాక్యూమ్ ఇచ్చేదీ అదే. అందుకే బ్రేక్ పెడల్ ఈమధ్య గట్టిగా అనిపిస్తోందా అని అడుగుతాను. అనిపిస్తే పంపు మీదో, మెయిన్ పైపు మీదో అనుమానం, పికప్ సంగతి తర్వాత, ముందు అది చూపించండి. పెడల్ మెత్తగా, మామూలుగా ఉంటే పంపు బాగున్నట్టే, లోపం సోలనాయిడ్ నుంచి ఇవతల ఉంటుంది. గేజ్ పెట్టి పంపు కొలిచేటప్పుడు ఒకటి చూసుకోండి: సర్వీస్ పుస్తకాల్లో అంకెలు సముద్ర మట్టం లెక్కలో ఉంటాయి. ఇక్కడి గాలి ఒత్తిడే పాదరసం లెక్కలో దాదాపు 27 అంగుళాలు, కాబట్టి బెంగళూరులో మంచి పంపు కూడా 24, 25 దగ్గర ఆగుతుంది. చెన్నైలో 27 చూపించే పంపు ఇక్కడ అంత చూపించదు. అది చూసి పంపు మార్చేసినవాళ్లు ఉన్నారు.

పైపులు ఎక్కడ పోతాయంటే, చివర్లలో. ఇంజన్ వేడికి రబ్బరు గట్టిపడి, నిపిల్ మీద కూర్చునే చోట సన్నగా పగులుతుంది. పైకి చూస్తే ఏమీ కనపడదు, వేలితో కాస్త వంచితే పగులు నోరు తెరుస్తుంది. మొన్నామధ్య ఒక సెడాన్ వచ్చింది, రెండు చోట్ల తిప్పి తెచ్చారు, ఇంజెక్టర్లు కూడా విప్పి క్లీన్ చేయించారు. బ్యాటరీ ట్రే అంచుకి వాక్యూమ్ పైపు ఒరుసుకుని గుండుసూది తల అంత బొక్క పడింది. ఐడిల్‌లో చెవి దగ్గర పెడితే సన్నగా ఈల వినిపించింది. ఆ బొక్క మీద వేలు పెట్టగానే రాడ్ టక్కున లాగింది. అర మీటరు పైపు ఖర్చుతో బండి వెళ్లిపోయింది. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో పార్క్ చేసేవాళ్లయితే ఎలుకల సంగతి కూడా చూడండి, ఈ సన్న పైపులంటే వాటికి మహా ఇష్టం. పైపు మార్చేటప్పుడు వేడికి, నూనెకి తట్టుకునే వాక్యూమ్ హోసే వేయండి. కొన్ని షెడ్లలో అక్వేరియం పైపు పెట్టి పంపిస్తారు, అది వేడెక్కాక మెత్తబడి లోపలికి అతుక్కుపోతుంది. పొద్దున బాగుండి మధ్యాహ్నం మళ్లీ మొదటికొస్తుంది, ఎందుకో అర్థం కాక తల పట్టుకుంటారు.

సోలనాయిడ్ మీద చిన్న ఫిల్టర్ మూత ఉంటే అది దుమ్ముతో మూసుకుపోయినా గడబిడే. దాన్ని పరీక్షించాలంటే గేజ్‌ని టీ జాయింటుతో యాక్చుయేటర్ పైపులో కలిపి, ముల్లు డ్యాష్‌బోర్డ్ దగ్గరికి తెచ్చుకుని, రోడ్డు మీద ఒకరు నడుపుతుంటే ఇంకొకరు చూడాలి. 1,500లో యాక్సిలరేటర్ తొక్కగానే ముల్లు ఎగరాలి. పంపు దగ్గర వాక్యూమ్ ఉండి ఇక్కడ ఎగరకపోతే సోలనాయిడ్‌నో, దాని వైరింగ్‌నో పట్టుకోవచ్చు. సోలనాయిడ్‌ని దాటవేసి పంపు నుంచి నేరుగా యాక్చుయేటర్‌కి పైపు కలిపి రోడ్డెక్కేవాళ్లున్నారు, పికప్ అదిరిపోతుంది కూడా. కానీ అప్పుడు రెక్కలు ఎప్పుడూ మూసే ఉంటాయి, పై ఆర్‌పీఎంలో బూస్ట్ హద్దు దాటి నిజంగానే టర్బో పోతుంది. ఆ ప్రయోగం వద్దు.

రెండోది బూస్ట్ లీక్. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి, అక్కడి నుంచి ఇన్‌టేక్‌కి వెళ్లే పెద్ద హోసులు. వీటి పగుళ్లు ఎక్కువగా కింది వైపు ఉంటాయి, పై నుంచి చూస్తే కొత్తగా కనిపిస్తాయి. ఇంజన్ బ్రీదర్ నుంచి కాస్త నూనె ఆవిరి ఈ పైపుల్లోకి వస్తుంటుంది, కాబట్టి లీక్ ఉన్న చోట నూనె, దుమ్ము కలిసి నల్లటి తడి మరక పడుతుంది. చెయ్యి కిందికి పోనిచ్చి తడమండి. ముందు బంపర్ పని ఎప్పుడైనా చేయించారా? ఇంటర్‌కూలర్ క్లిప్పు సరిగ్గా బిగించకపోతే ఐడిల్‌లో ఏమీ తెలియదు, లోడ్ పడగానే హోస్ జారి 'ఫుస్' మంటుంది. అనుమానం తీరాలంటే ఎయిర్ ఫిల్టర్ వైపు పైపుకి మూత బిగించి, కంప్రెసర్‌తో ఒక బార్ లోపే గాలి పట్టి, అన్ని జాయింట్ల మీద సబ్బు నీళ్లు కొట్టాలి. బుడగలు వచ్చిన చోట లీక్. ఒక బార్ దాటించొద్దు, ఎక్కడో ఒక సీల్ తన్నుకుపోతుంది.

ఇక్కడ పొగ సాయపడుతుంది. లాగని సమయంలో వెనక బండివాడిని అడగండి, లేదా రాత్రి హెడ్‌లైట్ల వెలుగులో అద్దంలో చూడండి. నల్ల పొగ, పికప్ లేదు అంటే డీజిల్ ఉంది, గాలి చాలట్లేదు: బూస్ట్ లీక్, ఈజీఆర్ తెరుచుకుని ఉండిపోవడం. ఎందుకంటే ఎమ్ఏఎఫ్ సెన్సర్ గాలిని ముందే కొలిచేస్తుంది, ఆ లెక్కకే ఈసీయూ డీజిల్ కొడుతుంది, మధ్యలో గాలి బయటికి పోయిందని దానికి తెలియదు. పొగే లేదు, పికప్ లేదు అంటే ఎమ్ఏఎఫ్ తక్కువ చూపిస్తోందేమో, ఈసీయూ తనే డీజిల్ కోసేస్తోందన్నమాట. వీజీటీ పని చేయకపోతే పొగ కొంచెం ఉండొచ్చు, అసలు ఉండకపోవచ్చు. నీలం పొగ అయితే ఇంజన్ ఆయిల్ కాలుతోంది, తెల్ల పొగ పచ్చి డీజిల్ వాసనతో వస్తే ఇంజెక్టర్లు, కంప్రెషన్, ఆ దారి వేరు.

ఈజీఆర్ గురించి. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో ఫస్ట్, సెకండ్ గేర్లలో పాకే డీజిల్ బండికి ఈజీఆర్‌లో మసి పేరుకోవడం మామూలే. మసి ముద్ద అడ్డుపడి వాల్వ్ కొద్దిగా తెరుచుకునే ఉండిపోతే, తాజా గాలి రావాల్సిన చోట కాలిన పొగ వచ్చి చేరుతుంది. గాలి అసలే తక్కువుండే కింది ఆర్‌పీఎంలో దెబ్బ గట్టిగా తెలుస్తుంది. దీనికి ఒక సులువైన పరీక్ష: ఇగ్నిషన్ ఆఫ్‌లో ఉండగా ఎమ్ఏఎఫ్ కనెక్టర్ పీకేసి, స్టార్ట్ చేసి కాసేపు నడపండి. ఈసీయూ ఈజీఆర్‌ని మూసే ప్రయత్నం చేసి, గాలి లెక్కను తన అంచనాతో నడిపిస్తుంది. కింద పికప్ తిరిగొస్తే ఎమ్ఏఎఫ్ గానీ ఈజీఆర్ గానీ, వీటి దగ్గరే ఉంది సమస్య. మసితో పూర్తిగా బిగుసుకున్న వాల్వ్ మాత్రం ఈ పరీక్షకి లొంగదు, విప్పి చూడాల్సిందే. చెక్ లైట్ వెలుగుతుంది, కంగారు పడొద్దు, తర్వాత స్కానర్‌తో తీసేయొచ్చు. ఎమ్ఏఎఫ్‌ని దాని కోసమే అమ్మే స్ప్రేతో కడగాలి. కార్బ్యురేటర్ క్లీనర్ కొట్టొద్దు, దూది పుల్లలు పెట్టొద్దు. నూనె పూసిన స్పోర్ట్స్ ఎయిర్ ఫిల్టర్ వేసి ఉంటే తీసేయండి, ఆ నూనే వచ్చి సెన్సర్ మీద కూర్చుంటుంది. ఈజీఆర్‌ని రేకు పెట్టి శాశ్వతంగా మూసేయమని చాలామంది చెప్తారు. నేను చేయను, ఉద్గారాల నిబంధనలకు విరుద్ధం. విప్పి కడిగితే చాలా వరకు తిరిగొస్తుంది.

స్కానర్ ఉంటే పని సగం తగ్గుతుంది, కానీ కోడ్‌లు మాత్రమే చదివే స్కానింగ్ దండగ. లైవ్ డేటా కావాలి. మొదట ఇగ్నిషన్ ఆన్, ఇంజన్ ఆఫ్‌లో మ్యాప్ సెన్సర్ (ఇన్‌టేక్‌లో గాలి ఒత్తిడి కొలిచేది) చూడండి. బెంగళూరులో 91 కిలోపాస్కల్ దగ్గర చూపించాలి, చెన్నైలో అయితే 101. ఇక్కడ నిలబడిన బండి 101 చూపిస్తే సెన్సరే అబద్ధం చెప్తోంది, మసి పట్టి ఉంటుంది, ముందు దాన్ని కడగండి. తర్వాత ఖాళీ రోడ్డు మీద, పక్కన ఇంకొకరు స్కానర్ పట్టుకుని కూర్చుంటే, థర్డ్ గేర్‌లో 1,400 నుంచి పూర్తిగా తొక్కి, కావాల్సిన బూస్ట్ ఎంత, వస్తున్నది ఎంత అని రికార్డ్ చేయండి. కావాల్సింది ఎగిరి, వచ్చేది నెమ్మదిగా పాకుతూ 2,000 తర్వాత కలిస్తే వీజీటీ నెమ్మదిగా ఉంది. మొత్తం రేంజ్‌లో ఎప్పుడూ కలవకపోతే లీక్. రెండూ కలిసే ఉండి పికప్ మాత్రం లేకపోతే బూస్ట్ వదిలేసి డీజిల్ వైపు, అంటే రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకు అందే డీజిల్ ఒత్తిడి), ఇంజెక్టర్ కరెక్షన్లు చూడాలి. పి0299 కోడ్ వస్తే టర్బో పోయిందని అర్థం కాదు. అడిగినంత బూస్ట్ రాలేదని మాత్రమే చెప్తుంది, ఎందుకు రాలేదో మనమే వెతకాలి. లైట్ రాలేదు కాబట్టి అంతా బాగుందనీ కాదు. తేడా కొంతసేపు అలాగే నిలబడితేనే ఈసీయూ లైట్ వేస్తుంది, మీరు ఈలోపే గేర్ దించేస్తున్నారు కదా.

టర్బో నిజంగా పోయిందని ఎప్పుడు ఒప్పుకోవాలి? ఇన్‌టేక్ వైపు హోస్ విప్పి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చక్రాన్ని వేలితో కదిపి చూడండి. పక్కలకు కాస్త ఆట ఉండడం మామూలే, నూనె లేనప్పుడు అలాగే ఉంటుంది. ముందుకి వెనక్కి ఆట తెలుస్తుంటే, రెక్కలు గోడకి రాసుకున్న గీతలు ఉంటే, హోస్‌లో పొర కాదు, నూనె మడుగు కట్టి ఉంటే, నీలం పొగ, అంబులెన్స్ సైరన్ లాంటి కూత ఉంటే అప్పుడు సరే. వీజీటీ రెక్కలు మసితో బిగుసుకున్నాయంటే కూడా వెంటనే కొత్తది కాదు. విప్పి కడిగే టర్బో స్పెషలిస్టులు ఊళ్లో ఉన్నారు, అది అయ్యాకే మార్పు గురించి మాట్లాడాలి. రెక్కలు ఎంత వరకు మూసుకోవాలో హద్దు పెట్టే స్టాప్ స్క్రూని మాత్రం ఎవరినీ తిప్పనివ్వకండి.

టర్బోతో సంబంధం లేనివి రెండు చెప్తాను, వీటికీ టర్బో మార్చినవాళ్లు తగిలారు. క్లచ్ జారుతుంటే ఆర్‌పీఎం పెరుగుతుంది, వేగం పెరగదు. మీకు ఆర్‌పీఎమే పెరగట్లేదు కాబట్టి అది కాదనుకుంటాను. ఇంకోటి వెనక బ్రేక్ పట్టుకుపోవడం. ఒక రౌండ్ కొట్టి వచ్చి నాలుగు రిమ్ముల దగ్గరా చెయ్యి పెట్టండి, తాకకుండానే. ఒకటి మాత్రం కాలిపోతుంటే సంగతి అక్కడే ఉంది.

మీ తరం బండ్లలో చాలావాటికి డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) లేదు. అది కొత్త ఉద్గార నిబంధనల కింద వచ్చిన బీఎస్6 డీజిళ్ల తలనొప్పి. ఎవరైనా డీపీఎఫ్ క్లీనింగ్ అని బిల్లులో రాస్తే ఎక్కడుందో చూపించమనండి.

ఈ వారం ఇలా చేయండి. ఆదివారం పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రాడ్ పరీక్ష, వాక్యూమ్ పైపు చివర్లు వంచి చూడడం, హోసుల కింద తడమడం. అరగంట పని. తర్వాత ఎమ్ఏఎఫ్ పీకి ఒక చుట్టు. దొరక్కపోతే చేతి పంపు, స్కానర్ ఉన్న మెకానిక్ దగ్గరికి వెళ్లి, పైన చెప్పిన లైవ్ డేటా రికార్డింగ్ అడగండి. 'కోడ్ ఏమీ లేదు సార్' అని సరిపెడితే ఇంకో షెడ్డు చూసుకోండి. వచ్చే నెల తిరుపతి వెళ్లే పని ఉందన్నారు. వెళ్లేటప్పుడు మొగిలి ఘాట్ దిగుడే, ఏమీ తెలియదు. తిరుగు ప్రయాణంలో ఫుల్ లోడ్‌తో ఎక్కాలి, అక్కడ లారీల వెనక 1,500లో ఇరుక్కుంటే బండి కదలదు. ఆలోపే తేల్చుకోండి.

రాడ్ కదిలిందా, ఇంజన్ ఆఫ్‌లో మ్యాప్ ఎంత చూపించింది, లాగనప్పుడు పొగ ఏ రంగు, బ్రేక్ పెడల్ ఎలా ఉంది, ఈ నాలుగూ ఇక్కడ పెట్టండి. రాడ్ కదిలే వీడియో ఉంటే ఇంకా మంచిది, సెల్ఫ్ కొట్టే ముందు నుంచే రికార్డ్ చేయండి, మొదటి రెండు సెకన్లే నాకు కావాల్సింది.